పేరు పెట్టి అడిగిన ప్రార్థన

“ఎవలెవలకు చెప్పినవ్?”

చేతిసంచీ అరుగు మీద పడేసి, చెప్పులైనా విడవకుండా అబ్రహాం అడిగిన మొదటి మాట అదే. కాటారం నుంచి బస్సులు మారి మారి వచ్చిన మనిషి. దుమ్ముకు మీసాలు ఎర్రబడ్డాయి. మంచినీళ్ళ చెంబు అందించబోతే తీసుకోలేదు.

చాటలో బియ్యం చెరుగుతున్న కొమురమ్మ చేయి ఆగిపోయింది. కొడుక్కు జ్వరం గోలీలు, దుప్పటి ఇచ్చి వస్తానని పోయిన మనిషి ఆ దుప్పటిని మళ్ళీ భుజాన వేసుకొనే వచ్చాడు.

“ఏంది చెప్పుడు? పిలగాడు ఎట్లున్నడు? చెద్దరు మల్ల తెచ్చినవేంది?”

“నేనడిగినదానికి చెప్పు. దయాకర్ కాటారం కాడ బడిపంతులింట్ల ఉన్నడని ఎవలెవలకు చెప్పినవ్?”

“ఎవలకు చెప్పలే.”

“కొమురీ!”

“ఎవలకు చెప్పలేనయ్యా. దేవునికే చెప్పిన.”

ఆ మాట వింటూనే అబ్రహాం గోడకు చేరగిలబడి కూర్చుండిపోయాడు. కోపంతో వచ్చిన మనిషికి కోపం చేసుకునే ఓపిక కూడా పోయింది.

“దేవునికి ఏడ చెప్పినవే? ఇంట్లనా?”

“బుచ్చమ్మ ఇంట్ల. బుధవారం కూటంల.”

“నోటితోనా, మనసులనా?”

కొమురమ్మ మళ్ళీ చాట అందుకుంది. జవాబు చెప్పనక్కర లేదు. మనసులో ప్రార్థన చేసుకునే అలవాటు వాళ్ళ చర్చి సంఘంలో ఎవరికీ లేదు. బుధవారం సాయంత్రం ఎవరో ఒకరింట్లో చాపలు పరుచుకొని కూర్చుంటారు. పాటలయ్యాక గొలుసు ప్రార్థన. ఒకరు ఆమెన్ అనగానే పక్కవాళ్ళు అందుకోవాలి. గొంతెత్తి చేయాలి, అందరూ వినాలి, విని ‘అవును తండ్రీ’ అనాలి.

అందులోనూ సంఘపెద్ద భిక్షపతి నేర్పిన పద్ధతి ఒకటుంది. ఏదడిగినా పేరు పెట్టి అడగాలి. “దవాఖానకు పోయి ‘నొస్తున్నది డాక్టర్ సాబ్’ అంటే మందిస్తడా? ఏడ నొస్తున్నదో చూపెట్టాలె. దేవుని కాడ గూడ గంతే,” అంటాడు. అందుకే ఎవరి బర్రె మేత ముట్టడం లేదో, ఎవరి అల్లుడు తాగి కొడుతున్నాడో దేవుడితోపాటు చాపల మీద కూర్చున్నవాళ్ళందరికీ తెలుసు. ఇన్నేళ్ళూ దానివల్ల మంచే జరిగింది. బర్రెకు మందు తెచ్చిపెట్టినవాళ్ళున్నారు, అల్లుణ్ణి నాలుగు మాటలు దులిపినవాళ్ళున్నారు.

పోయిన బుధవారం తన వంతు రాగానే కొమురమ్మ కొంగు తలమీదికి లాక్కొని, కళ్ళు మూసుకొని, ‘కాటారం అవుతల పంతులింట్ల, వెనుక అర్రల జ్వరంతోని పండిన నా కొడుకును ముట్టు తండ్రీ’ అని ఏడ్చింది. వెనుక అర్ర సంగతి కూడా చెప్పింది, దేవుడికి ఇల్లంతా వెతుక్కునే శ్రమ లేకుండా.

“శుక్రవారం తెల్లారక ముందే పోలీసులొచ్చిన్రట,” అన్నాడు అబ్రహాం నేల చూస్తూ. “ఊళ్ళె ఒక్క తలుపు కొట్టలేదట. సక్కగ పంతులింటికి, ఆ ఇంట్ల సక్కగ వెనుక అర్రలకు.”

“దొరికిండా?”

“చెంబు పట్టుకొని చెలకల దిక్కు పోయిండట. జీపు సప్పుడిని అటుకటే ఉరికిండు. గోదారి దాటి ఉంటడని పంతులు భార్య అన్నది. పంతులును తీస్కపోయిన్రు. ఆమె నా మొఖం మీదనే తలుపేసింది. నేనేం అంటా?”

కొమురమ్మ చాట పక్కన పెట్టింది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కొడుకు దొరకలేదు, అంతవరకు ప్రాణం కుదుటపడింది. ఆ వెంటనే పంతులు మొఖం గుర్తొచ్చింది. తన కొడుక్కు గంజి కాచి పోసిన మనిషి.

దయాకర్ చేసిన నేరం పెద్దదేమీ కాదు. కూలీ రేటు పెంచేదాకా నాట్లు వేయొద్దని ఊళ్ళో కూలీల సంఘం పెట్టాడు. అందులో గెలిచాడు. ఆ తర్వాత దొర గడ్డివాము ఎవరో కాలబెట్టారు. ఎవరు కాలబెట్టినా కేసు దయాకర్ మీదే పడింది. అడవిలో అన్నలతో కలిశాడన్న మాట దాని వెనకాలే పుట్టింది. కోర్టు, జైలు అంటే ఏ తల్లైనా ఏడ్చి ఊరుకుంటుంది. ఆ రోజుల్లో దొరికిన పిల్లలు కోర్టు దాకా పోవడం లేదు. అడవిలో ఎదురుకాల్పులని రేడియోలో ఒక ముక్క చెప్తారు, చాపలో చుట్టిన శవాన్ని అప్పజెప్తారు.

“కూటంల ఎంతమంది ఉన్నరు?” అని అబ్రహాం అడగబోతుండగానే దడి అవతల నుంచి కేక వినిపించింది.

“అక్కా! వందనాలు! దేవుడు ఎంత గొప్పోడో ఇన్నవా?”

బుచ్చమ్మ రావడానికి ముందే ఆమె గొంతు వస్తుంది. పక్కిల్లే. కడుపులో ఏదీ దాగని మనిషి. నవ్వుతూ వచ్చి గడపలో చతికిలబడింది.

“భిక్షపతన్న కొడుకు ఏలియాను ఇడిచిపెట్టిన్రు! దయాకర్ దోస్తని క్రిస్మస్ ఎల్లినప్పటి సంది ఠాణాల కూసోబెట్టుకున్నోళ్ళు ఒక్కసారే పో అన్నరట. నడువొస్తలేదు గని పానం మంచిగున్నది.”

“ఎన్నడు ఇడిచిన్రు?” అన్నాడు అబ్రహాం.

“శనివారం పొద్దుగాల. మనం ఉపాసముండి చేసిన ప్రార్థన ఊకెనే పోతదా అన్నా? ఏలియాను తెచ్చిన దేవుడు దయాకర్‌ను తేడా?”

శుక్రవారం కాటారం. శనివారం ఏలియా. మొగుడూ పెళ్ళాం ఒకరి మొఖం ఒకరు చూసుకోలేదు. చూసుకుంటే ఆ మాట ఇంట్లోకి వచ్చినట్టే. బుచ్చమ్మ మాత్రం సంతోషంగా, కాస్త పసుపు ఉంటే ఇమ్మని, పిలగాని కాళ్ళకు కట్టు కట్టాలట అని అడిగి తీసుకుపోయింది.

ఇంటి ముందర గుంజకు పండుగనాటి కాగితపు నక్షత్రం ఇంకా వేలాడుతోంది. ఏటేటా కొత్తది దయాకర్ చేసేవాడు. ఈసారి పాతదే కట్టారు.

“భిక్షపతన్న అసొంటోడు కాదు,” అంది కొమురమ్మ.

“నేనేమన్న అన్ననా?”

“నీ మొఖం అంటున్నది. యాదికి లేదా? గడబిడల బస్సులన్ని బందైనప్పుడు, మన పిలగానికి ఫిట్సొస్తే భుజాన ఏసుకొని జనగామ దాక నడిచిండు. తొవ్వపొంట లాఠీలు లేస్తుంటే పిలగాని మీద ఒంగి దెబ్బ తను తిన్నడు. ఆ నొసటి మీద గాటు ఎక్కడిది?”

అరవైతొమ్మిది తెలంగాణ ఉద్యమం నాటి సంగతి అది. అబ్రహాం మరిచిపోలేదు. ఆ రోజు ఆయన సింగరేణి దిక్కు పనికి పోయి ఇంట్లో లేడు. తండ్రి చేయాల్సిన పని భిక్షపతి చేశాడు.

“అన్నీ యాదికున్నయి. కొడుకు అరికాళ్ళు కమిలిపోయి కండ్లముంగట కనబడుతుంటే ఏ తండ్రైనా అసొంటోడే అయితడు.”

“నువ్వైతే చేస్తవా?”

అబ్రహాం చెప్పులు విడిచి పెరట్లోకి పోయాడు. కాళ్ళు కడుక్కునే నీళ్ళ చప్పుడు వచ్చింది.

మంగళవారం భిక్షపతి తనే వచ్చాడు. తెల్లపంచె, చంకలో వేదపుస్తకం, నొసట ఆ పాత గాటు. ఎప్పుడొచ్చినా మంచం వాల్చుకొని కూర్చుని, ‘ఏం వండినవ్ చెల్లె’ అని గిన్నె మూత తీసి చూసేంత చనువున్న మనిషి. ఆ రోజు గడప దగ్గరే నిలబడ్డాడు.

“కూసో అన్నా,” అంది కొమురమ్మ.

“కూసుండను చెల్లె. రేపటి కూటం మీ ఇంట్లనే పెడ్తే ఎట్లుంటది అని... ఇంట్ల కష్టమున్నప్పుడు కూటం పెట్టుకోవాలె.”

“మంచిదే.”

“దయాకర్ ఖబరేమన్న?” అడిగినప్పుడు ఆయన కొమురమ్మను చూడలేదు, అబ్రహాంను చూడలేదు. దండెం మీద ఆరేసిన దుప్పటిని చూశాడు.

“లేదు బావా,” అన్నాడు అబ్రహాం నిమ్మళంగా. “ఏమన్న తెలిస్తే నీకు చెప్పక ఎవలకు చెప్తం?”

భిక్షపతి మంచినీళ్ళడిగాడు. చెంబు ఎత్తి తాగుతుంటే సగం నీళ్ళు అంగీ మీద పడ్డాయి. కొమురమ్మకు అంతకన్నా సాక్ష్యం అక్కరలేకపోయింది. తేలు కుట్టిన దొంగ అంటే ఇట్లనే ఉంటాడా అనుకుంది. అనుకున్నందుకు తనమీద తనకే అసహ్యం వేసింది.

ఆయన వీధి మలుపు తిరిగేదాకా అబ్రహాం గుంజ పట్టుకొని చూశాడు. తర్వాత లోపలికొచ్చి తలుపు దగ్గరికి వేశాడు.

“రేపు చెప్పు. దయాకర్ ఇటు దిక్కే వచ్చిండని చెప్పు.”

“ఎవలకు?”

“నువ్వు చెప్పేటోనికే.”

కొమురమ్మకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. అయ్యాక పొయ్యి దగ్గర నుంచి లేచి నిలబడింది.

“ప్రార్థనలనా?”

“ప్రార్థనలనే.”

“నీకు మతి పోయిందా? దేవుని ముంగట కండ్లు మూసుకొని అబద్ధమాడాల్నా?”

“నెమ్మదిగ మాట్లాడు. గోదారి దాటి ఉంటడని వాళ్ళకు గూడ అంచనా ఉంటది. ఆ ఒడ్డు ఈ ఒడ్డు జల్లెడ పడ్తరు. జ్వరంతోని ఎంత దూరం ఉరుకుతడు? వాళ్ళను జర ఇటు తిప్పితే పిలగానికి ఊపిరి తీసుకునే సందు దొరుకుతది.”

“నువ్వే చెప్పు. అన్నను పక్కకు తీస్కపోయి చెవుల ఊదు.”

“నా మాట నమ్ముతడా? నేను ఏడికి పోయొచ్చిననో ఆయనకెరుకే. నువ్వు కొంగు కప్పుకొని ఏడ్చి చెప్తే నమ్ముతడు. కొమురమ్మ ప్రార్థనల అబద్ధమాడుతదని సైతాను గూడ అనుకోడు.”

అది పొగడ్తో, తిట్టో ఆమెకు తెలియలేదు.

“బైబిల్ల, యెరికో పట్నంల ఆ ఆడామె లేదా?” అబ్రహాం గొంతు తగ్గించాడు. “మిద్దె మీద మనుషులను దాచిపెట్టి, వాళ్ళు ఎటో పోయిన్రని చెప్పలేదా? దేవుడు ఆమెను మెచ్చుకోలేదా?”

“ఆమె రాజు మనుషులకు చెప్పింది అబద్ధం. దేవునికి చెప్పలే.”

“నీ కొడుకు ఏడున్నడో దేవునికెరుక లేదా? ఎరుక ఉన్నోడు అబద్ధం చెప్తే మోసపోతడా?”

“మోసపోడు,” అంది కొమురమ్మ. “ఊకోడు గూడ.”

ఆ పూట ఇద్దరూ అన్నం ముట్టలేదు. అబ్రహాం బీడీ మీద బీడీ కాల్చాడు. పొయ్యి ఆరిపోయింది. ఎవరూ రగిలించలేదు. కొమురమ్మ గోడకు ఆనుకొని కూర్చుని తన దేవుణ్ణి అడగాలని చూసింది. ఈ అబద్ధం ఆడుదునా వద్దా అని ఆయననే అడగాలి. అడుగుదామంటే నోరు దానంతటది తెరుచుకుంటోంది. ఆమెకు నోరు మూసుకొని మాట్లాడడం రాదు. ఒకసారి ఇంత ముప్పు తెచ్చిన నోటిని మళ్ళీ తెరవాలంటే భయం వేసింది.

చివరికి ఆమే అంది. “ఏ ఊరని చెప్పాలె?”

అబ్రహాం బీడీ ఆర్పేశాడు. “మీ చెల్లె వాళ్ళ ఊరను.”

“ఆ ఇంటి మీద పడ్తరు. ఎవల ఇల్లు చెప్తే వాళ్ళ అరికాళ్ళు పోతయి. పంతులు ఉసురు చాలదా?”

“మరి?”

“మనుషులు లేని జాగ చెప్పాలె. పోయి చూసి ఉత్తదే అని తిరిగి రావాలె. ఎవలకు దెబ్బ తాకొద్దు.”

అప్పుడు ఆమెకు మరిపెడ మిల్లు తట్టింది. దయాకర్ చిన్నప్పుడు మరిపెడ హాస్టల్లో చదివాడు. వంటవాడు కొట్టాడని ఒకసారి పారిపోయి, మార్కెట్ పక్కన మూతపడ్డ పాత పత్తి మిల్లులో దాక్కున్నాడు. అందరూ వెతికి వెతికి బావుల్లో గాలం వేయడానికి సిద్ధమయ్యారు. కొమురమ్మ మాత్రం ఆ మిల్లు గోడపొంటి నడుస్తూ, ‘నా బిడ్డ దయాకర్‌ను నాకు చూపెట్టు తండ్రీ’ అని గొంతెత్తి ప్రార్థన చేసుకుంటూ పోయింది. లోపల నుంచి సన్నగా వినిపించింది, ‘అవ్వా, ఈడనే ఉన్న’ అని. ఆ సంగతి ఆమె సంఘంలో సాక్ష్యంగా ఎన్నిసార్లు చెప్పిందో. సంఘంలో పసిపిల్లలకు కూడా మరిపెడ మిల్లు తెలుసు.

“మంచిగున్నది,” అన్నాడు అబ్రహాం. “వాడు గోదారి అవుతల, మిల్లు ఈ కొసకు. మార్కెట్ పక్కపొంటి. కేసున్నోడు అంత నడిమిట్ల దాసుకోడు.”

మరునాడు సాయంత్రం దీపాల వేళకే అందరూ వచ్చారు. ఆడవాళ్ళు ఒక దిక్కు, మగవాళ్ళు ఒక దిక్కు. ఏలియాను ఇద్దరు రెక్కలు పట్టి తెచ్చి గోడవార కూర్చోబెట్టారు. కాళ్ళు ముందుకు చాపి, మీద తువ్వాల కప్పుకున్నాడు. కింద నుంచి పసుపు కట్టు కనబడుతోంది. ఈ పిలగాడూ దయాకరూ ఒకే తొట్టెలో పెరిగారు. కొమురమ్మ దగ్గరికి పోయి తల నిమిరింది. వాడు ఆమె కళ్ళలోకి చూడలేకపోయాడు.

పాటలు పాడారు. భిక్షపతి వాక్యం చదివాడు. ఎప్పుడూ గణగణమనే గొంతు ఆ రోజు పక్కవాళ్ళకే అందనంత లోపల పలికింది. గొలుసు ప్రార్థన మొదలైంది. మోకాళ్ళ నొప్పులూ, ఎండిన మిరపతోటా, అలిగిపోయిన కోడలూ వరుసగా దేవుడి దగ్గరికి పోయాయి. బుచ్చమ్మ ఆమెన్ అంది.

కొమురమ్మ వంతు.

“తండ్రీ...” అంది. అలవాటుగానే కన్నీళ్ళు వచ్చేశాయి. “ఏలియా బిడ్డను ఇంటికి తెచ్చినవ్, నీకు స్తోత్రం. ఆ పిలగాని కాళ్ళు ముట్టు తండ్రీ. మల్ల మునుపటి లెక్క నడువనియ్యి. ఆ కాళ్ళను కొట్టినోళ్ళకు గూడ బిడ్డలుంటరు, వాళ్ళకు బుద్ధియ్యి.”

అది నిజమైన ప్రార్థన. చెప్తుంటే ఆమె మనసు తేలికైంది కూడా. గోడవార ఏలియా వెక్కిళ్ళు వినిపించాయి.

“నా కొడుకు దయాకర్‌ను...” అని ఆగిపోయింది.

అబ్రహాం దగ్గాడు. ఇల్లంతా ఎదురు చూస్తోంది.

“పేరు పెట్టి అడుగక్కా,” పక్క నుంచి బుచ్చమ్మ మోచేత్తో పొడిచింది. “భిక్షపతన్న ఏం నేర్పిండు?”

“నా కొడుకును... మరిపెడల... పాత పత్తి మిల్లుల... ముందట నువ్వు దాచిన జాగల్నే మల్ల దాచినవ్ తండ్రీ. వానికి జ్వరం తగ్గియ్యి. చలికి ఓర్పియ్యి. ఎవల కంటా పడనియ్యకు. ఆమెన్.”

అందరూ ఆమెన్ అన్నారు. భిక్షపతి ఆమెన్ మాత్రం కాస్త ఆగి వచ్చింది. కొమురమ్మ కళ్ళు తెరిచేసరికి ఏలియా భయంగా తన తండ్రి మొఖం చూస్తున్నాడు.

చాయ్ తాగి ఒక్కొక్కరే లేచారు. భిక్షపతి గ్లాసు అట్లే ఉంది. అందరూ పోయాక గడప దాటి మళ్ళీ వెనక్కి తిరిగాడు.

“చెల్లె.”

“ఏందన్నా?”

“ఇగ నుంచి... గింత ఇవరంగ అడుగకు. మనసులనే చేసుకో. దేవునికి అన్నీ ఇనవడ్తయి.”

ఆమె ఒక్క క్షణం ఆయన చేయి పట్టుకొని, ‘వద్దన్నా, ఎక్కడికీ పోకు’ అందామనుకుంది. అంటే ఆడిన అబద్ధం బయటపడుతుంది. “మంచిదన్నా,” అంది. ఆయన తలవంచుకొని పోయాడు. చంకలో పుస్తకం ఉందో లేదో కూడా చూసుకోలేదు. అది చాప మీదే ఉండిపోయింది.

తెల్లారి అబ్రహాం బస్సు కాడికి పోయి వచ్చాడు. మొఖంలో చాలా రోజులకు రక్తం కనబడింది.

“మీ అన్న పొద్దుగాల బస్సుకే ఎక్కిండు. పిలగానికి మందులు తెస్తనని చెప్పిండట. పోనీ. ఉత్త మిల్లుల పావురాలను పట్టుకపోతరు.”

కొమురమ్మకు కూడా నవ్వు వచ్చింది. భిక్షపతి అట్లా చేసినందుకు ఏడుపూ వచ్చింది. రెండూ మింగి పొయ్యి మీద ఎసరు పెట్టింది. వండే ముందు పిడికెడు బియ్యం తీసి సంఘం కుండలో వేయడం పెళ్ళయినప్పటి నుంచి ఉన్న అలవాటు. కరువులో కూడా మానలేదు. పిడికిలి నింపింది. కుండ దాకా పోయిన చేయి వెనక్కి వచ్చింది. నిన్న అబద్ధమాడిన నోటితో ఆమెన్ అన్న మనిషి ఇవాళ ఏ మొఖంతో ఇస్తుంది? బియ్యం మళ్ళీ చాటలోనే పోసేసింది.

పొద్దు నడినెత్తికి రాకముందే ఒక లంబాడామె దడి పక్కన వచ్చి నిలబడింది. అద్దాల రవిక, నెత్తిన మూట. అటూ ఇటూ చూసి, కొమురమ్మ పేరడిగింది.

“నా పేరు తుల్సీబాయి. మరిపెడ పక్క తండా. నా కొడుకు దేవ్యా, నీ కొడుకు ఒక్క హాస్టల్ల చదివిన్రు.”

“లోపటికి రా అక్కా.” కొమురమ్మ దడి తలుపు తీసింది.

తుల్సీబాయి లోపలికి వచ్చి, తలుపు ఓరగా వేసి, కూర్చోకుండానే చెప్పింది.

“నీ కొడుకు మంచిగనే ఉన్నడు. భయం పెట్టుకోకు. గోదారి కాడ పోలీసు నాకలున్నయని దాటలేదు. బొగ్గు లారీల వచ్చి మొన్న మా తండాకు చేరిండు. ఇంట్ల ఉండుమంటే ఉండలే, మా మీదికి వస్తదని. నేనే సద్ద రొట్టెలు తీస్కపోయి పెడ్తున్న.”

“ఏడ?” అన్నాడు అబ్రహాం. అడగాల్సిన అవసరం లేని ప్రశ్న.

“చిన్నప్పుడు దాసుకున్న జాగల్నే అని చెప్పుమన్నడు. మా అవ్వకెరుకే అన్నడు. అండ్ల ఎవలు ఎతుకుతరు అన్నడు. మస్తు చలి పెడ్తున్నది, ఇంట్ల చెద్దరుంటే ఇయ్యుమన్నడు.”

అబ్రహాం చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి ఉరికాడు. తొర్రూరు మీదుగా పోయే బస్సు వెళ్ళిపోయి చాలాసేపయింది. అయినా ఉరికాడు. గుంజకు తగిలి కాగితపు నక్షత్రం కింద పడింది.

తుల్సీబాయికి ఏమీ అర్థం కాలేదు. “ఏమైందక్కా? నేనేమన్న తప్పు చెప్పిన్నా?”

కొమురమ్మ దండెం మీది దుప్పటి తీసింది. మడత పెట్టింది. మళ్ళీ విప్పింది. మళ్ళీ మడత పెట్టింది. పొద్దుగాల బస్సుకు పోయిన మనిషి ఈపాటికి చెప్పాల్సింది చెప్పేసి ఉంటాడు. జీపు బస్సులా ఊరూరా ఆగదు.

“ఇంకో మాట గూడ చెప్పుమన్నడు,” అంది తుల్సీబాయి, ఆమె చేయి పట్టుకొని ధైర్యం చెప్పబోతూ. “అవ్వను పరేషాన్ కావొద్దను, నా పేరు పెట్టి, నేనున్న జాగ పేరు పెట్టి ప్రార్థన చేయుమను. అవ్వ నోటితోని అడిగితే దేవుడు తప్పక ఇంటడు అన్నడు. చేస్తవా అక్కా?”

కొమురమ్మ దుప్పటిని గుండెకు అదుముకుంది.

“చేసిన,” అంది. “నిన్ననే చేసిన.”